పెద్దాయన తొట్టి

“నేను తినేశానని నాన్నకు చెప్పమ్మా,” అంది కూతురు, కంచం ముందుకు నెడుతూ.

నాన్న ఎదురుగానే కూర్చున్నాడు. ఇద్దరికీ నడుమ ఒక నీళ్ల జగ్గు, ఒక ఉప్పు డబ్బా. అంతే అడ్డం.

“అది తినేసిందట,” అంది తల్లి, తన మొగుడితో.

“సగం అలాగే వదిలేసిందని చెప్పు,” అన్నాడతను గోడకేసి చూస్తూ.

“సగం వదిలేశావట.”

“ఆకలి లేదని చెప్పు.”

“ఆకలి లేదట.”

వీడియో బయటికొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే వరస. తండ్రీ కూతుళ్ల మధ్య మాట లేదు. నడుమ ఆమె టపా మోస్తోంది. జీతం లేని కొలువు, సెలవు లేని కొలువు; ఆదివారం కూడా బట్వాడా తప్పడం లేదు. వారమంతా కళ్లద్దాల షాపులో నిలబడి ఊళ్లోవాళ్ల చూపులు సరిచేస్తుంది గనక అక్కడ అందరూ ఆమెను అద్దాలమ్మ అంటారు. ఆ అద్దాలమ్మ ఇంట్లో ఇప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకునే దిక్కు లేదు.

“ఈ కొంపకు ఎనిమిది చేతులున్న కోడలు కావాలి,” అంది అత్తగారు కిటికీ పక్క కుర్చీలోంచి. టీవీలో బొమ్మల సినిమా; అందులో ఆక్టోపస్ పంతులమ్మ ఒక చేత్తో గంట కొట్టి, ఇంకో చేత్తో పాఠం చెప్పి, మిగతా ఆరింటితో చేపపిల్లల చెవులు మెలేస్తోంది. చేపలకు చెవులెక్కడివని ఈ ఇంట్లో ఎవరూ అడగరు. “చూడు, ఎంత పనిమంతురాలో!”

“నాకున్న రెండూ అరిగిపోయాయి అత్తయ్యా. ఆవిణ్ణే ఇటు రమ్మనండి, నేను సముద్రంలోకి పోతాను.”

మామూలు రోజైతే ఈ మాటకు ఇల్లంతా నవ్వేది. ఇవాళ టీవీ ముందు బోర్లా పడుకున్న చిన్నోడు ఒక్కడే నవ్వాడు. వాడికి ఆరేళ్లు. పేరేంటని ఎవరడిగినా ‘సొరచేప’ అంటాడు. అందుకని ఇంట్లోవాళ్లు కూడా అసలు పేరు మరిచిపోయి ‘సొర’ అనే పిలుస్తున్నారు.

“బల్ల తుడిచి పెట్టండి,” అన్నాడు భర్త లేస్తూ, ఎవరితో అన్నాడో తెలియకుండా. “మేనేజరు గారు వచ్చే వేళవుతోంది.”

అతను ఒడ్డున ఉన్న అక్వేరియంలో డైవరు. పెద్ద తొట్టిలోకి దిగి చేపలకు మేత పెట్టడం, లోపలి నుంచి అద్దాలు తుడవడం అతని పని. ఆ తొట్టిలో ఒక ముసలి సముద్ర తాబేలుంది. ఈ ఇంట్లో దాని పేరు పెద్దాయన. ముందరి కాలి మీద పుండు పడి, చిప్ప మీద తెల్లటి మచ్చలు తేలి, మూలకు పోయి అద్దానికి తల రాసుకుంటున్న పెద్దాయన వీడియోను కూతురు ఆన్‌లైన్‌లో పెట్టి లోకానికి చూపించింది. తొట్టి పైన ఉండే ఇనుప వంతెన మీద నుంచి తీసిన వీడియో. సిబ్బంది తప్ప ఎవరూ ఎక్కలేని చోటు అది. “నాన్న నీళ్లలో ఉన్నప్పుడు ఆయన కార్డు కొట్టేసి తలుపు తీశాను,” అని కూతురే ఒప్పేసుకుంది. కార్డు భద్రంగా ఉంచుకోలేదని తండ్రిని పనిలోకి రావద్దన్నారు.

దారి ఒక్కటే మిగిలింది. పిల్ల క్షమాపణ చెప్పాలి, దాన్ని వాళ్లు రికార్డు చేసుకోవాలి. ఆ పని మీదే మేనేజరు ఇంటికొస్తున్నాడు.

ఆమె బల్ల తుడిచింది. తుడిచినచోటే మళ్లీ తుడిచింది.

ఈ ఇంటికి సముద్రం పిచ్చి ఎక్కడ పట్టుకుందో ఆమెకు బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో మొగుడి పని ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లింది. అద్దం అవతల, బుడగల మధ్య, ముక్కూ మూతీ కనిపించని ఒక నల్లటి ఆకారం ఈదుకుంటూ వచ్చి అరచెయ్యి అద్దానికి ఆనించింది. తనూ ఇవతల నుంచి ఆనించింది. చుట్టూ ఉన్న పిల్లలంతా గోల చేశారు. గట్టు మీద నాలుగు మాటలు మాట్లాడ్డానికి నీళ్లు నమిలే మనిషి, నీళ్లలో అంత ధీమాగా ఉండటం చూసి ఆమెకు ముచ్చటేసింది. “నా కొడుకు బతుకంతా నీళ్లలోనే, బట్టలారేసుకోవడానికి ఇంటికొస్తాడు,” అనేది అత్తగారు.

తర్వాత కూతురు పుట్టింది. దానికి మాటలు రాగానే బొమ్మల సినిమాలు మొదలయ్యాయి. తిమింగలం పిల్ల గొంతు పోగొట్టుకుని సముద్రమంతా వెతికే సినిమా చూసి వెక్కివెక్కి ఏడ్చి, ‘నాన్నా, నువ్వు రేపు లోపలికెళ్లినప్పుడు వాళ్లమ్మకు చెప్పు’ అని మాట తీసుకుంది. ఇక ఆదివారం వచ్చిందంటే అన్నం, సినిమా, ఆ తర్వాత నడుచుకుంటూ అక్వేరియం. సినిమాలో చూసినవాళ్లను ఒకసారి పలకరించి రావడానికి వెళ్లినట్టు వెళ్లేవాళ్లు. ‘పిల్లల గోల, పెద్దవాళ్లకెందుకు’ అన్న అత్తగారు కూడా చివరికి సినిమా మధ్యలో ఫోను మోగితే విసుక్కునే స్థితికొచ్చింది.

ఆ సినిమాల్లో ఒక సుఖం ఉంది. ఎంతటి తుఫానైనా గంటన్నరలో తగ్గిపోతుంది. తప్పిపోయినవాళ్లు ఇల్లు చేరతారు. తిట్టుకున్నవాళ్లు చివర్లో ఒకేచోట ఈదుతారు. ఈ ఇంటి తుఫానుకే గంట కొట్టేవాళ్లు లేరు.

ఆమె గిన్నెలు సింకులో వేసి కుళాయి తిప్పింది. ముందుగదిలో సొర సినిమా ఆపేసి, నానమ్మ ఫోను తీసుకుని ఏదో నొక్కుతున్నాడు.

“పెద్దాయన్ని చూద్దామా నానమ్మా?”

“చూద్దాం గానీ గట్టిగా పెట్టరా, నాకు వినపడదు.”

“తాబేలు మాట్లాడదు నానమ్మా.”

“నువ్వు పెట్టు, అదే మాట్లాడుతుంది.”

ఆ వీడియోను ఆమె షాపులో చూసింది, గిరాకీల మధ్య, శబ్దం తీసేసి. రెండోసారి చూసే ఓపిక లేకపోయింది. ఇప్పుడు వంటగదిలోకి నీళ్ల బుడబుడ, మోటారు రొద, ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్న చప్పుడు వినిపించాయి. ఆ వెనక ఎక్కడో దూరంగా మైకులో ఒక ఆడగొంతు: “సొరచేప అని పేరు చెబుతున్న ఒక బాబు టిక్కెట్ల కౌంటరు దగ్గర ఉన్నాడు. వాళ్ల పెద్దవాళ్లు వెంటనే రావాలి.”

“నేనే! నేనే!” అని సొర గంతులేశాడు. “నానమ్మా, నేను తప్పిపోయిన రోజు!”

“నువ్వు తప్పిపోలేదురా, నేను తప్పిపోయాను. నువ్వు కౌంటరు దగ్గరే ఉన్నావుగా!”

ఆమె కుళాయి కట్టేసింది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తుంది. అత్తగారినీ చిన్నోణ్ణీ భర్త తనతో తీసుకెళ్లాడు. సాయంత్రం ముగ్గురూ ఇంటికొచ్చి, మైకులో వాడి పేరు ఎలా పలికిందో ఒకరి తర్వాత ఒకరు అనుకరించి మరీ చెప్పారు. విని ఆమె నవ్వింది, కూతురూ నవ్వింది. ఆ మాటలు ఇద్దరికీ కొత్తే. ఎందుకంటే ఆ రోజు షాపులో సాయానికి రావలసిన అమ్మాయి రాలేదు. కాలేజీకి సెలవు కదాని కూతుర్ని వెంటబెట్టుకుని వెళ్లింది. పొద్దుట షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఆ పిల్ల తన పక్కనే కూర్చుని అద్దాలు తుడిచింది.

చేతులు తుడుచుకోకుండానే ఆమె పెరట్లోకి నడిచింది.

భర్త దండెం మీది నల్లటి రబ్బరు సూటును తిరగేసి ఆరేస్తున్నాడు. వేసుకోక చాలా రోజులైంది. తడి లేనిదాన్ని ఆరేస్తున్నాడు.

“ఆ వీడియో సొరగాడు తప్పిపోయిన రోజుదండీ,” అంది ఆమె.

“ఏ వీడియో?”

“ఈ ఇంట్లో ఎన్ని వీడియోలున్నాయి? మైకులో వాడి పేరు వినిపిస్తోంది.”

అతని చెయ్యి సూటు మీద ఆగిపోయింది.

“ఆ రోజు అది నా షాపులో ఉంది. నా పక్కనే ఉంది. అమ్మాయి ఒకేసారి రెండుచోట్ల ఉండలేదు కదా.”

అతను సూటు ముడతలు సాపు చేశాడు. “నువ్వు సౌండు పెట్టుకుని చూస్తావనుకోలేదు,” అన్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది. ఏడుపు రావలసినచోట నవ్వొచ్చింది. “మీరు అనుకోలేదా! సరే. ఎవరు తీశారు?”

“నేనే.”

“మరి అమ్మాయి చేతికెలా వచ్చింది?”

“నేను దానికి పంపాను. పేరు లేకుండా పెట్టమన్నాను.” అతను సూటు చెయ్యి పట్టుకుని మాట్లాడుతున్నాడు, ఎదుటివాళ్ల చెయ్యి పట్టుకున్నట్టు. “పైవాళ్లకు చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. సెలవుల రద్దీ తగ్గేదాకా పెద్దాయన్ని అక్కణ్ణుంచి తియ్యం అన్నారు. జనం వచ్చేదే ఆయన కోసం అన్నారు. రోజూ ఆ పుండు కళ్లారా చూస్తూ మేత పెట్టి వచ్చేవాణ్ణి. ఇక చూడలేక తీశాను. వీడియో బయటికొచ్చాక, ఎవరు తీశారని మమ్మల్నందర్నీ నిలబెట్టి అడిగారు. ఇంటికొచ్చి దానితో చెప్పాను. అప్పుడు అదే అంది.”

“ఏమంది?”

“‘నేను కార్డు కొట్టేశానని చెప్తాను నాన్నా, నన్నేం చేస్తారు, చిన్నపిల్లనని తిట్టి వదిలేస్తారు. నీకైతే పనే పోతుంది’ అంది.”

“మీరేమన్నారు?”

అతను తల దించుకున్నాడు.

“వద్దన్నారా?”

అతను అడ్డంగా తల ఊపాడు.

“పోనీ, ఆలోచిద్దాం అన్నారా?”

“ఏమీ అనలేదు,” అన్నాడు. “అది నా తరఫున వెళ్లి చెప్పేసింది. నేను ఏమీ అనలేదు.”

పక్కింట్లో ఎవరో బట్టలు ఉతికే మిషను ఆన్ చేశారు. ఆ రొద కాసేపు ఇద్దరికీ సాయంగా ఉంది.

“మరి ఈ మాటల్లేకపోవడం?” అంది ఆమె.

“మొదట్లో నాటకమే. నాకు కోపమొచ్చిందని నలుగురూ నమ్మాలి కదా. తర్వాత్తర్వాత…” అతను సూటును దండెం మీద ఇంకోవైపుకు తిప్పాడు. “తర్వాత నిజంగానే దాని మొహం చూడలేకపోయాను.”

“మీ ఇద్దరి నాటకంలో నేనెవర్ని? తెర లాగేదాన్నా? ‘తినేసిందట, ఆకల్లేదట’ అని ఇన్నాళ్లూ నా చేత చిలక పలుకులు పలికించారే!”

“అమ్మా, మెల్లగా,” అంది వెనక నుంచి కూతురు. గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో. “నానమ్మ వింటుంది.”

“విననీ.”

“నీకు చెప్తే నువ్వు ఊరుకోవని చెప్పలేదు.”

“ఊరుకునేదాన్ని కాదు.”

“చూశావా మరి!” కూతురు దగ్గరికొచ్చి తల్లి తడిచేతుల్ని తన చున్నీతో తుడిచింది. “రెండు నిమిషాల పనమ్మా. సారీ చెప్తాను, వాళ్లు పోతారు. నాన్న పనిలోకి పోతాడు. పెద్దాయనకు మందు వేస్తున్నారట కదా. నేననుకున్నది అయింది. ఇంకేం కావాలి?”

పదిహేడేళ్ల పిల్ల. కళ్ల కింద చారలు. తను మోయకపోతే ఈ ఇల్లు నడవదని నమ్మేసిన మొహం. ఆ మొహం ఎవరి దగ్గర నేర్చుకుందో ఆమె ఇంకొకర్ని అడగక్కర్లేకపోయింది. రోజూ పొద్దున్నే తల దువ్వుకుంటూ చూసే మొహమే.

“నువ్వు చెప్పడానికి వీల్లేదు,” అంది.

“అమ్మా, ఇప్పుడు మొదలుపెట్టకు. నాకూ ఓపిక లేదు.”

వీధి గుమ్మం దగ్గర బెల్లు మోగింది.

మేనేజరు సన్నగా, ఎత్తుగా, మర్యాదగా ఉన్నాడు. రెండు రాత్రులు నిద్ర లేనివాడిలా కళ్లు లోపలికి పోయాయి. వెంట ఫోను పట్టుకుని ఒక కుర్ర ఉద్యోగిని వచ్చింది. చిన్నోడి కోసం గుడ్డతో కుట్టిన తాబేలు బొమ్మ తెచ్చారు.

సొర బొమ్మను అందుకుని, “పెద్దాయనకు తగ్గిందా?” అని అడిగాడు.

మేనేజరు అత్తగారి వైపు చూశాడు. “పెద్దమ్మగారూ, బాబును కాసేపు లోపలికి తీసుకెళ్తారా?”

“ఎందుకు నాయనా? స్నేహితుడి సంగతి అడిగాడు, అంతేగా.”

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. “తెల్లవారుజామున పోయింది,” అన్నాడు.

“ఎవరు?” అంది అత్తగారు.

“తాబేలండీ.”

భర్త గోడ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఎక్కడ?” అన్నాడు. “ఆ మూలేనా?”

“ఆ మూలే.”

“నిన్న మేత తీసుకున్నాడా?”

“నువ్వు రాని దగ్గర్నుంచీ సరిగ్గా తినలేదయ్యా. వేరేవాళ్లు దిగితే దగ్గరికే వచ్చేది కాదు.”

అతను మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. కూతురు ఒకడుగు అటువైపు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

సొర బొమ్మను బల్ల మీద పెట్టేసి, టీవీ దగ్గరికెళ్లి ఆపిన సినిమాను మళ్లీ వేసుకున్నాడు. సౌండు బాగా పెంచాడు. గదంతా అలల హోరు నిండింది. తగ్గించమని ఎవరూ అనలేదు.

“ఇప్పుడు సంగతి వేరు,” అన్నాడు మేనేజరు, ఆ హోరు మీదుగా. “వట్టి సారీతో పోయేది కాదు. రేపు ఊరంతా అడుగుతుంది, ఎలా పోయిందని. బయటి మనిషి అనుమతి లేకుండా తొట్టి మీదికి వెళ్లడం వల్ల నీళ్లు పాడై ఉంటాయని మా పైవాళ్ల అభిప్రాయం. అమ్మాయి ఆ మాట అనాలి. తెలియక వెళ్లాను, నీళ్లలో చేతులు పెట్టాను, దానివల్లే అయి ఉండొచ్చు అని. ‘ఉండొచ్చు’ అంటే చాలు.”

“పుండు అప్పటికే ఉంది కదండీ,” అంది ఆమె. “ఆ వీడియోలోనే కనిపిస్తోంది.”

“చూసేవాళ్లకు ముందూ వెనకా ఎవరు చెప్తారమ్మా?”

“అది అనకపోతే?”

“అమ్మాయి మీద కేసు పెట్టమంటున్నారు. నేనే ఆపుతున్నాను. నాకూ పిల్లలున్నారు.” అతని గొంతులో అబద్ధం లేదు, అలసటే ఉంది. “ఆ మాట అంటే మటుకు మీ ఆయన రేపు పొద్దున్నే పనిలోకి వచ్చెయ్యొచ్చు. ఇంతకంటే నా చేతిలో ఏమీ లేదు.”

కూతురు బల్ల ముందు కూర్చుంది. క్షమాపణకు సిద్ధపడి వచ్చిన పిల్ల, ఒక ప్రాణం నెత్తిన వేసుకోవాల్సొస్తుందని అనుకోలేదు. బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది. ఆ తాబేలును చూడ్డానికి నడక రాకముందే తండ్రి భుజాల మీద వెళ్లిన పిల్ల అది.

“నాన్నా,” అంది. ఇన్ని రోజుల తర్వాత తిన్నగా అతణ్ణే పిలిచింది. “ఏం చెప్పను?”

అతను చేతుల్లోంచి మొహం ఎత్తాడు. మాట కోసం అలవాటుగా పెళ్లాం వైపు చూశాడు.

ఆమె చూపు తిప్పుకుంది. నీళ్లు నమలడం చూసి ఒకప్పుడు జాలిపడింది, తర్వాత సర్దుకుంది, ఆ మీదట అతని మాటలన్నీ తనే మాట్లాడేసింది. బ్యాంకులో, బడిలో, చుట్టాల దగ్గర. ఇవాళ ఆ ఓపిక ఎక్కడో అడుగంటింది.

కుర్ర ఉద్యోగిని ఫోను పైకెత్తింది. “మొదలెట్టొచ్చా సార్?”

కూతురు వీపు నిటారుగా పెట్టుకుంది. “నమస్తే,” అంది ఫోనులోకి, బడిలో పద్యం అప్పజెప్పినట్టు. “నేను… ఆ రోజు నేను తెలియక…”

అద్దాలమ్మ బల్ల మీదుగా వంగి, ఆ ఫోను మీద తన అరచెయ్యి మూసింది.

“ఆపమ్మా,” అంది ఉద్యోగినితో. ఆ తర్వాత మేనేజరుతో, “ఆ వంతెన మీదికి నా కూతురు ఎక్కలేదండీ,” అంది.

“అమ్మా!” అంది కూతురు.

“ఆ రోజంతా అది నా షాపులో ఉంది. గిరాకీలు పదిమంది చూశారు. కావాలంటే పిలిపిస్తాను.”

మేనేజరు ఆమెను చూశాడు, పిల్లను చూశాడు. స్టూలు మీదికి మాత్రం చూపు పోనివ్వలేదు. తెలిసిన జవాబును ఎదుటివాళ్ల నోటినుంచి వినక తప్పనివాడిలా ఒక నిట్టూర్పు విడిచాడు.

“మరి ఎవరెక్కారమ్మా?”

అత్తగారు కళ్లజోడు సవరించుకుంది. కూతురు తల్లి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది, వద్దన్నట్టు. ఒక్క మాట అంటే అయిపోతుంది. నోటి చివరే ఉంది. ఆ మాట కూడా తనే అనేస్తే, ఈ ఇంట్లో అతను ఇక ఎన్నటికీ ఏ మాటా అననక్కర్లేదు.

ఆమె నోరు విప్పలేదు.

టీవీలో తుఫాను ముదిరింది. ఆ హోరులో వెనక స్టూలు కాళ్లు నేల మీద గీసుకున్న చప్పుడు వినిపించింది. అతను లేచాడు. ఆమె తిరిగి చూడలేదు. రెండడుగులు పడ్డాయి. బల్ల వైపు వస్తున్నాయో, తెరిచి ఉన్న పెరటి గుమ్మం వైపు పోతున్నాయో ఆమెకు తెలియలేదు.